కిరేయ్ అన్నారాయన

పదకొండున్నర. ఇంట్లో ఇద్దరూ పడుకున్నారు. నేను మాత్రం వంటింటి టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, మధ్యాహ్నం నాకు షకుహాచి (జపాన్ వెదురు వేణువు) నేర్పే సెన్సే, అంటే గురువుగారు, అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను.

"కిరేయ్ దెస్ నే" అన్నారు.

షకుహాచి స్వరాలు రాసే అక్షరాలకి ఒక ఫాంట్ చెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది నాకు. చిన్నాడి ఈత క్లాసు బయట బెంచీ మీద కూర్చుని కూడా గీశాను ఆ అక్షరాలు. ఇవాళ మొదటిసారి నా ఫాంట్‌తో ఒక పాట మొత్తం కొట్టి, ప్రింటు తీసి పట్టుకెళ్లాను. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి దగ్గరగా పెట్టుకుని చూశారు. కిరేయ్ అన్నారు. టీ ట్రే పక్కన పెట్టారు. తర్వాత ఆ పాత గుడ్డసంచీలోంచి ఆ పాత చేతిరాత కాగితాలే తీసి, "మొదలెడదామా" అన్నారు.

అంతే. ఇంకేం జరగలేదు.

మావారికి చెబితే "మెచ్చుకున్నారుగా, ఇంకేం కావాలి నీకు" అన్నారు. తొమ్మిదేళ్లుగా టోక్యో నిషికసాయ్‌లో ఉంటున్నా ఈయనకి కిరేయ్ అంటే అందంగా ఉంది అనే. తోమిన గిన్నె కూడా ఇక్కడ కిరేయే. కడిగిన స్టేషన్ బాత్రూమూ కిరేయే. నా కాగితం ఏ రకం కిరేయో నాకు అక్కడే అర్థమైంది.

అసలు ఈ పని మొదలెట్టిందే ఆయన కాగితాలు చదవలేక. అవి ఆయన గురువుగారి చేతిరాత. దానికి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. నా చేతికొచ్చేసరికి ఎన్నో తరమో. మేం నేర్చుకునే కింకో శాఖ వాళ్లవి ఐదు అక్షరాలేగా, రో, త్సు, రే, చి, రి. అన్ని రంధ్రాలూ మూస్తే రో, అట్టడుగుది తెరిస్తే త్సు. అది రెండో వారానికే వచ్చేసింది. బాధంతా అక్షరాల పక్కన ఉన్న వాటితో. గడ్డం దించి స్వరం తగ్గించమని పక్కనే చిన్న మే. కింది స్థాయి అయితే ఓత్సు, పై స్థాయి అయితే కాన్. పైనుంచి కిందికి జారే గీతలు, ఆ గీతలకి ఒకసారి కుడిపక్కన, ఒకసారి ఎడమపక్కన చుక్కలు. ఆ చుక్కలే తాళం. తీగవాయిద్యాలైన కోతో, షమిసెన్‌లతో కలిసి వాయించే పాటల్లో ఆ చుక్క జారితే మనం ఒక దారి, వాళ్లు ఒక దారి.

మొన్న చలికాలంలో మూడు వారాలపాటు ఒక చోట అదనంగా ఒక దెబ్బ వేసుకుంటూ వాయించాను. సెన్సే ప్రతిసారీ తల వంచి వినేవారు, ఏమీ అనేవారు కాదు. చివరికి నేనే వేలు పెట్టి చూపించి అడిగాను, ఈ చుక్క ఎడమదా కుడిదా అని. ఆయన కాగితం కిటికీ వైపు ఎత్తి చూసి, "ఇది షోయూ" అన్నారు. సోయాసాసు మరక! ఎవరో, ఎప్పుడో, భోజనం చేస్తూ సాధన చేసుకున్నారు. ఆ మరక కూడా జిరాక్సుల్లో తరతరాలుగా వస్తోంది.

ఆ రాత్రే ఫాంట్ ఎడిటర్ దించుకున్నాను.

"కటకానా కంప్యూటర్‌లో ఉందిగా, మళ్లీ ఫాంట్ ఎందుకు" అని ఈయన అప్పుడే అడిగారు. ఆ జపాన్ లిపి అక్షరాలు ఉన్నాయి, నిజమే. వాటి పక్కన అతుక్కునేవి లేవు. మన వత్తులు, గుణింతాలు అక్షరానికి ఎక్కడ తగలాలో ఫాంట్ లోపల లంగరు వేసినట్టు గుర్తులు పెడతారు చూడండి, అలాగే నా రే‌కి కుడి చుక్క ఎక్కడ, ఎడమ చుక్క ఎక్కడ అని ఒక్కోదానికీ పెట్టుకుంటూ పోయాను. గీతలకీ చుక్కలకీ యూనికోడ్‌లో ఎవరి సొంతానికి వాళ్లు వాడుకోమని వదిలిన ఖాళీ గళ్లలోంచి కొన్ని తీసుకున్నాను. నా ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ ఖాళీ డబ్బాలు. వాటిని ఇక్కడ తోఫూ అంటారు. పేజీ నిండా తోఫూ ముక్కలు.

ఇక నిలువు రాత గురించి అడక్కండి. అడ్డంగా అన్నీ చక్కగా కూర్చుంటాయి. నిలువుకి మార్చగానే చుక్కలన్నీ తొంభై డిగ్రీలు తిరిగి అక్షరం నెత్తి మీదికి ఎక్కుతాయి. దాన్ని సరిచెయ్యడానికే నెలన్నర. ఒకసారి రే మీద చుక్క పడి చూడ్డానికి అచ్చం కన్ను కొడుతున్నట్టే ఉంది. చిన్నాడు దానికి పేరు కూడా పెట్టాడు.

ఇంత చేస్తే కిరేయ్.

రాత్రి అన్నం తినేటప్పుడు కూడా లోపల సణుగుతూనే ఉన్నాను. తోజాన్ అనే ఇంకో శాఖ వాళ్లకి శుభ్రంగా అచ్చు పుస్తకాలు, అడ్డగీతలు కొట్టి, లెక్క కట్టి. వాళ్లలో చేరినా బాగుండేది. ఈ ముసలాయనకి పాతదంటే ఉత్త మమకారం, అంతే. గిన్నెలు కడుగుతుంటే ఎందుకో డీటీపీ అబ్బాయి గుర్తొచ్చాడు.

మా అమ్మ సంగీతం పాఠాలు చెబుతుంది.  నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు అమ్మకి పిల్లలు ఎక్కువైపోయారు. ఒక్కొక్కరికీ నోటుబుక్కులో రాసివ్వలేక, సరళీ స్వరాల నుంచి అలంకారాల దాకా ఉన్న తన పుస్తకాన్ని మెయిన్ రోడ్డులో డీటీపీ సెంటర్‌కి ఇచ్చింది. వారం తర్వాత నలభై కాపీలు, స్పైరల్ బైండింగు, పైన వీణ బొమ్మ. అమ్మ ముఖం వెలిగిపోయింది. రిక్షాలో వస్తూ పేజీ తిప్పింది. మళ్లీ తిప్పింది. హెచ్చుస్థాయి స్వరాల దగ్గరికొచ్చి ఆగిపోయింది.

చుక్కలు లేవు. ఒక్కటి కూడా లేదు. పై స్థాయి స నెత్తిన ఉండాల్సిన చుక్కా లేదు, మంద్రంలో కింద ఉండాల్సిన చుక్కా లేదు. చుక్క లేకపోతే పై స‌కీ కింది స‌కీ తేడా ఏముంది? అన్నీ ఒకే మెట్టు మీద కూర్చున్నాయి.

రిక్షా వెనక్కి తిప్పించింది. ఆ అబ్బాయి పాపం లేచి నిలబడి, "మేడమ్, మీ పుస్తకంలో చాలా చోట్ల సిరా పడిందండీ. అవన్నీ తీసేసి నీట్‌గా కొట్టాను" అన్నాడు. ఆ నీట్‌గా అన్నప్పుడు అతని ముఖంలో గర్వం ఇప్పటికీ కనిపిస్తోంది నాకు. అమ్మ తిట్టలేకపోయింది. డబ్బులిచ్చేసి వచ్చింది. ఆ రాత్రి అమ్మ, నేను, అక్క, పక్కింటి పిన్నిగారు చాప మీద కూర్చుని నలభై పుస్తకాలకి బాల్‌పెన్నుతో చుక్కలు పెట్టాం. మధ్యలో కరెంటు పోయింది. లాంతరు వెలుగులో అక్క ఒక పుస్తకమంతా రి మీద పెట్టేసింది. అది ఏ పిల్లకి వెళ్లిందో, ఏం పాడిందో.

గిన్నెలు ఆపి వచ్చి, ఇవాళ ఫోన్‌లో తీసిన సెన్సే కాగితం ఫొటో, నా ప్రింటు పక్కపక్కన పెట్టుకున్నాను. ఆయన మీద కోపంతోనే పెట్టుకున్నాను, నాది ఎంత మేలో చూసుకుందామని.

పాత కాగితంలో రో అక్షరాలన్నీ ఒకేలా లేవు. ఊపిరి తీసుకునే చోటికి ముందున్న రోకి కింది గీత ఎడమకి కొంచెం జారి ఉంది. మధ్యలోవి బిగించి ఉన్నాయి. ఒక చోట రెండు రే అక్షరాలు దాదాపు అంటుకున్నాయి. అక్కడ సెన్సే ఎప్పుడూ కాస్త తొందరగానే వాయిస్తారు. నా ఫాంట్‌లో రో ఒక్కటే. ముప్ఫై ఏడు సార్లు అదే రో.

మొదట, ఇదంతా నా ఊహే, గురువుగారికి చెయ్యి నొప్పెట్టి ఉంటుంది అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను. చేతిరాతే గొప్పదని ఒప్పుకోను, షోయూ సంగతి మర్చిపోలేదు. మూడు రకాల రో గీసి, తర్వాత గీత వస్తే ఒకటి, ఊపిరి గుర్తు వస్తే ఇంకొకటి దానంతటదే పడేలా చెయ్యొచ్చు. మన ఫాంట్లలో వత్తు రూపం మార్చుకున్నట్టే. పని పెరుగుతుంది. పెరగనీ.

ఇది కూడా కాదు నన్ను కూర్చోబెట్టింది. మూడో వరసలో, కింది నుంచి రెండో రే పక్కన, ఫొటోలో ఒక చుక్క ఉంది. నా ప్రింటులో లేదు. టైపు చేసేటప్పుడు చూశాను, బాగా గుర్తుంది. మళ్లీ షోయూ కాబోలు అనుకుని నేనే వదిలేశాను.

జూమ్ చేస్తే మసకగా అయిపోతోంది. అంచు కొంచెం గుండ్రంగానే ఉంది. పక్క వరసలో ఉన్న చుక్కలకంటే చిన్నది. వచ్చే శనివారం దాకా ఆగాలి.

ఈలోపు అమ్మకి వాట్సాప్‌లో నా ప్రింటు ఫొటో పంపాను. అక్కడ ఎనిమిది, పాఠాలు అయిపోయి ఉంటాయి. ఇప్పుడే జవాబొచ్చింది.

"బాగుందమ్మా. చుక్కలన్నీ పడ్డాయా?"