పన్నెండేళ్లకోసారి అదే రేవు

ఇష్టమైన ఊరికి మనం ఎప్పుడైనా వెళ్లొచ్చు. సెలవు దొరికితే వెళ్తాం, మనసు బాగోలేకపోతే వెళ్తాం, పిల్లలకు చూపించాలనిపిస్తే వెళ్తాం. పుష్కరం మాత్రం మన వీలు చూడదు. బృహస్పతి సింహరాశిలో అడుగుపెట్టినప్పుడే గోదావరికి పుష్కరం. ఆయన ఒక చుట్టు తిరిగి రావడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. ఈలోగా మన ఇంట్లో పెళ్లిళ్లు అవుతాయి, చావులు జరుగుతాయి, ఊళ్లు మారతాయి. అప్పుడు మనం ఎలా ఉంటే అలాగే, ఎవరు మిగిలితే వాళ్లతోనే వెళ్లి రేవులో నిలబడాలి. రాజమండ్రి రేవుల్లో 1991లో నిలబడ్డవాళ్లు, 2003లో, 2015లో మళ్లీ అక్కడే మునిగినవాళ్లు మన ఇళ్లలో ఎంతోమంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

నీళ్లలో దిగేముందు పురోహితుడు మనచేత సంకల్పం చెప్పిస్తారు. చాలామంది దాన్ని గబగబా దాటేసి మునక కోసం చూస్తారు. నాకు మాత్రం పుష్కరం మొత్తంలో అన్నిటికంటే విలువైనది అదే అనిపిస్తుంది. ఆద్యబ్రహ్మణః ద్వితీయపరార్ధే, శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే అంటూ మొదలవుతుంది. బ్రహ్మగారి ఆయుష్షు దగ్గర బయలుదేరి యుగాల మీదుగా దిగివస్తుంది. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అంటూ నేల మీదికి వచ్చి, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే అని రాజమండ్రి ఎక్కడుందో చెబుతుంది. (హైదరాబాదులో ఉండేవాళ్లు తమ ఇంట్లో పూజకు వాయవ్య ప్రదేశే అని చెప్పుకుంటారు. ఎక్కడున్నా మన దిక్కు శ్రీశైలాన్ని బట్టే.) ఆ తర్వాత సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. అంత దూరం నుంచి వచ్చి, చివరికి ఫలానా గోత్రంలో పుట్టిన ఫలానావాడు అని మన దగ్గర ఆగుతుంది.

బ్రహ్మగారి లెక్క మారదు. జంబూద్వీపం మారదు. శ్రీశైలం, గోదావరి ఎక్కడికీ పోవు. 1991లో ప్రజోత్పత్తి, 2003లో స్వభాను, 2015లో మన్మథ. పుష్కరం నుంచి పుష్కరానికి ఆ పాఠంలో సంవత్సరం పేరు, తిథివారాలు మారతాయి. ఆ తర్వాత మారేది మన సంగతే.

1991లో నేను చిన్నవాణ్ణి. సంకల్పంలో నా పేరు లేదు. నాన్న చెప్పిన ‘సహకుటుంబానాం’లో నేనూ ఉన్నాను, అంతే. నాన్న, అమ్మ కొంగులు ముడివేసుకుని సరిగంగ స్నానం చేశారు. నన్ను రెక్క పట్టుకుని ముంచారు. ఆ రోజు నాకు గుర్తున్నదల్లా నాన్న చేతి పట్టు, వంతెన మీద రైలు వెళ్తుంటే జనం విసిరిన చిల్లర. 1900లో మొదలైన హేవలాక్ వంతెన మీద అప్పటికింకా రైళ్లు నడుస్తుండేవి. 1997లో ఆర్చి వంతెన వచ్చాక దాని పని అయిపోయింది.

2003 నాటికి ఉపనయనం అయింది కాబట్టి నా గోత్రనామాలు నేనే చెప్పుకున్నాను. ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఉద్యోగం ఒక్కటే. ఆ వయసుకు అది సహజమే, గోదారమ్మ దగ్గర దాపరికం ఎందుకు? స్నానం అయ్యాక నాన్న తీర్థశ్రాద్ధానికి, అంటే రేవులో పోయిన పెద్దలకు పెట్టే శ్రాద్ధానికి, కూర్చున్నారు. తండ్రి బతికున్నవాడికి ఆ పీట మీద పని లేదు. నేను రెండు మెట్లు పైన కూర్చుని చూస్తున్నాను. నాన్న జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, నువ్వులు నీళ్లు వదులుతూ తాతగారి పేరు చెప్పి ‘వసురూపం’ అన్నారు. ముత్తాతగారి పేరు చెప్పి ‘రుద్రరూపం’ అన్నారు. ఆపై తరానికి ‘ఆదిత్యరూపం’. పోయిన పెద్దలను తరాన్ని బట్టి వసువులు, రుద్రులు, ఆదిత్యులు అనే దేవతల రూపంలో తలచుకోవడం అది. నేను తాతగారిని ఎరుగుదును కాబట్టి ఆయన పేరు విన్నప్పుడు గుండె కదిలింది. మిగతా పేర్లు నాకు పేర్లే.

2015లో ఆ పీట మీద నేను కూర్చున్నాను.

పితృతర్పణం చేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు కానీ ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. మనం నాన్న పేరు చెప్పి ‘వసురూపం’ అన్న క్షణంలో, అంతవరకూ నాన్న నోట వసువుగా ఉన్న తాతగారు మన నోట రుద్రుడవుతారు. నాన్నకు రుద్రుడైన ముత్తాతగారు మనకు ఆదిత్యుడవుతారు. నాన్న ఆదిత్యరూపం అని చెప్పిన ఆ పై పెద్దాయన, పేరుపేరునా పిలిచే ఆ మూడు తరాల వరసలోంచి పైకి వెళ్లిపోతారు. నాన్న పోయిన బాధ అప్పటికి కొంత పాతబడింది. కానీ తాతగారి పేరు దగ్గర అలవాటుగా వసురూపం అనబోయి, పురోహితుడు రుద్రరూపం అని అందించగానే గొంతు పూడుకుపోయింది. పోయినవాళ్లు కూడా పోయినచోటే ఆగిపోరు. మన వయసుతో పాటు వాళ్లూ ఒక్కో మెట్టూ పైకి నడుస్తారని శాస్త్రం చెబుతోంది. నాన్న లేని రేవు బోసిగా ఉంటుందని భయపడుతూ వెళ్లిన నాకు, నాన్న ఒక వరసలో కుదురుగా కూర్చున్నట్టు అనిపించింది. ఇంత ధైర్యం నాకు ఇంకే మాటా ఇవ్వలేదు.

అమ్మ ఆ రోజు ఒంటరిగా మునిగింది. సరిగంగ స్నానం చేసిన రేవులోనే ఇప్పుడు ఒక్కతే దిగడం ఎంత కష్టమో పైనుంచి చూసేవాళ్లకు తెలియదు. నా భార్య వెళ్లి అమ్మ చెయ్యి పట్టుకుంది. గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు అని అమ్మ గట్టిగానే చదివింది. ఇంట్లో చెంబునీళ్లకు రోజూ చదివే శ్లోకం. ఏడు నదులనూ ఈ నీళ్లలోకి రమ్మని పిలవడం. నదులను పిలిస్తే వస్తాయన్న నమ్మకం ఉన్నవాళ్లు మనుషులను కూడా అలాగే పిలుస్తారు కాబోలు. ఆ తర్వాత అమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు నీళ్లలోనే నిలబడింది, మేమెవరం కదిలించలేదు.

పుష్కరుడి కథ నాకు ఇష్టం. తుందిలుడనే శివభక్తుడు వరంతో జలస్వరూపాన్ని పొంది పుష్కరుడై, బ్రహ్మ కమండలంలో ఉండేవాడట. ప్రాణుల మేలు కోసం అతణ్ణి తనకివ్వమని బృహస్పతి అడిగాడు. పుష్కరుడికి బ్రహ్మను విడిచి రావడం ఇష్టం లేదు. చివరికి ముగ్గురూ ఒక ఒప్పందానికి వచ్చారు. గురుడు రాశి మారినప్పుడు మొదటి 12 రోజులు, ఆ రాశిని విడిచేముందు చివరి 12 రోజులు పుష్కరుడు ఆ నదిలో పూర్తిగా ఉంటాడు. మధ్యలో ఏడాది పొడవునా రోజూ మధ్యాహ్నం రెండు ముహూర్తాల పాటు, అంటే సుమారు గంటన్నర, ఉంటాడు. ఆది పుష్కరం, అంత్య పుష్కరం అని మనం అనేది అందుకే. 2015 పుష్కరాలకు అంత్య పుష్కరాలు 2016లో జరిగాయి.

ఈ కథను మళ్లీ గుర్తు చేయడానికి కారణం ఉంది. 2015 జూలై 14న, మొదటి రోజు ఉదయం, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. స్నానానికి వచ్చినవాళ్లు ఇంటికి చేరలేదు. ఆ తర్వాత ఆ నీళ్లలో దిగిన ఎవరూ వాళ్లను తలచుకోకుండా మునగలేదనుకుంటాను. తర్పణం చివర్లో తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేనివాళ్లకు కూడా నీళ్లు వదులుతాం, ‘తే సర్వే తృప్తిమాయాంతు’ అని. ఆ ఏడాది నేను ఆ దోసిలి వాళ్లకోసం కూడా వదిలాను.

కాబట్టి నా మాట ఇది: మొదటి రోజు, మొదటి ఘడియ అన్న పట్టుదల వద్దు. పన్నెండు రోజుల్లో ఏ రోజైనా పుష్కరుడు నదిలోనే ఉంటాడు. ఆ తర్వాత ఏడాది దాకా మధ్యాహ్నాలు ఉన్నాయి, చివర్లో అంత్య పుష్కరం ఉంది. ఇంత వెసులుబాటు కథలోనే ఉండగా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను జనంలోకి నెట్టడం భక్తి కాదు. పేరున్న ఘాట్ అవసరమూ లేదు. రాజమండ్రిలోనే కోటిలింగాల రేవు ఉంది, అవతలి ఒడ్డున కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది. త్ర్యంబకం దగ్గర పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే నదికి పుణ్యం ఒక్క మెట్ల వరస దగ్గరే ఉంటుందా?

వచ్చేది ప్లవంగ నామ సంవత్సరం, 2027. ఈసారి మా అబ్బాయి తన గోత్రం తనే చెప్పుకునే వయసుకు వస్తాడు. నేను పీట మీద కూర్చుంటే వాడు పై మెట్టు మీద కూర్చుంటాడు. అమ్మను జనం తగ్గాక, వారం మధ్యలో ఒక మధ్యాహ్నం కొవ్వూరు వైపు తీసుకెళ్లాలని అనుకున్నాం. అమ్మ అప్పుడే ఒక నోటు పుస్తకంలో పేర్లు రాయడం మొదలుపెట్టింది. నాన్నవైపు మూడు తరాలు, వాళ్ల భార్యలు, అమ్మ పుట్టింటివైపు మూడు తరాలు, వాళ్ల భార్యలు, తర్వాత బాబాయిలు, అత్తయ్యలు, గురువులు, స్నేహితులు. తీర్థశ్రాద్ధంలో అందరికీ చోటుంది. అమ్మవాళ్ల ముత్తమ్మమ్మ పేరు దగ్గర ఖాళీ వదిలింది. అది తెలిసిన మనిషి ఇప్పుడు మా పెదమామయ్య ఒక్కరే. వచ్చే ఆదివారం ఫోన్ చేసి అడగాలి.