గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోతే, స్టేషన్‌లో ఉన్న ఆ బండే మీకు పూచీ

యాక్సిడెంట్ చేసినవాడికి లైసెన్స్ లేదని తెలియగానే అందరూ దాని మీదే గొడవ పడతారు. నష్టపరిహారం వరకు చూస్తే లైసెన్స్ లేకపోవడం చిన్న చిక్కే. ఇన్సూరెన్స్ లేకపోవడమే పెద్ద చిక్కు. బండికి ఇన్సూరెన్స్ ఉండి, నడిపినవాడికి లైసెన్స్ లేకపోతే కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునళ్లు (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులు) ఆదేశిస్తుంటాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి అది. ఇన్సూరెన్సే లేకపోతే మాత్రం ప్రతి రూపాయీ ఓనరు, డ్రైవరు జేబుల్లోంచే రావాలి.

కాబట్టి ఇన్సూరెన్స్ నిజంగా లేదా అన్నది ముందు తేల్చుకోండి. నంబరు ప్లేటు ఫొటో ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో పాలసీ గడువు కనిపిస్తుంది. ఓనరు "లేదండీ, రెన్యువల్ చేయించలేదు" అన్నా అక్కడితో ఆగొద్దు. అతను అబద్ధం చెప్పకపోవచ్చు, అతనికే తెలియకపోవచ్చు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్లకు 5 ఏళ్ల, కొత్త కార్లకు 3 ఏళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి చేశారు. చాలామందికి అందులో ఓన్ డ్యామేజీ (సొంత బండి రిపేరుకు ఇచ్చే) భాగం ఏడాదికే అయిపోతుంది, దాంతో పాలసీ మొత్తం పోయిందనుకుంటారు. మీకు కావలసింది ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ భాగమే.

యాక్సిడెంట్ జరిగిన తేదీతోనే పాలసీ తెచ్చి చూపిస్తే, అది ఏ గంట నుంచి అమల్లోకి వచ్చిందో చూడండి. ఉదయం 9కి గుద్ది 11కి ఆన్‌లైన్‌లో కట్టిన పాలసీ ఆ ప్రమాదానికి వర్తించదు. ప్రమాదం ఎన్నింటికి జరిగిందో చూపించడానికి, ఎమర్జెన్సీ నంబరు 112కి మీరు చేసిన కాల్ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

రోడ్డు మీద చేయాల్సిన పని ఎక్కువ లేదు, కానీ ఆ పది నిమిషాలు మళ్లీ రావు. గాయపడినవాళ్లను చూసుకున్నాక, బండ్లు పక్కకు తీసేలోపు టైరు గీతలు, గాజు ముక్కలు పడిన చోటు, రెండు బండ్లూ ఆగిన తీరు ఫొటోలు తీయండి. నడిపినవాడి ముఖం ఆ బండితో కలిపి వీడియోలో ఉండాలి. సాయంత్రానికి స్టేషన్‌కు లైసెన్స్ ఉన్న బావమరిదో పక్కింటి అన్నో వచ్చి "నేనే నడిపాను" అనడం అరుదేం కాదు. తప్పు పేరుతో ఎఫ్ఐఆర్ అయితే తర్వాత మీ సాక్ష్యానికీ దానికీ పొంతన ఉండదు. దగ్గరి షాపుల సీసీ కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది, కాబట్టి అదే రోజు కాపీ అడగండి.

"లైసెన్స్ లేదు కాబట్టి తప్పు వాడిదే" అని ధీమాగా ఉండకండి. లైసెన్స్ లేకుండా నడపడం వేరే నేరం. ఆ ప్రమాదం అతని నిర్లక్ష్యం వల్లే జరిగిందని విడిగా నిరూపించాలి. ఆ గీతలూ గాజు ముక్కల ఫొటోలూ పనికొచ్చేది అక్కడే.

ఆసుపత్రిలో ఒక్క మాట కేసును పాడుచేస్తుంది. పోలీసు గొడవ ఎందుకులే అని "బండి మీంచి జారిపడ్డాం" అని రాయిస్తారు. అది ఎంఎల్‌సీ (పోలీసు కేసుల) రిజిస్టర్లోనూ వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం)లోనూ అలాగే ఉండిపోతుంది. గుద్దిన బండి నంబరు ఆ మొదటి కాగితం మీదే రాయించండి. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కో బాధితుడికి 1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స ఉంది. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేదని దాన్ని ఆపరు.

ఇక స్టేషన్. గాయాలుంటే ఎఫ్ఐఆర్ పట్టుబట్టి చేయించండి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125 (ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం)తో పాటు మోటారు వాహనాల చట్టంలోని 181 (లైసెన్స్ లేకపోవడం), 180 (లైసెన్స్ లేనివాడికి ఓనరు బండి ఇవ్వడం), 196 (ఇన్సూరెన్స్ లేకపోవడం) సెక్షన్లు పడ్డాయో లేదో చదివి చూసుకోండి. 180, 181 కింద 5,000, 196 కింద మొదటిసారి 2,000 జరిమానా ఉంటుంది. ఆ డబ్బు మీకు రాదు, కానీ ఓనరు అన్నీ తెలిసే బండి ఇచ్చాడని రికార్డులో నిలుస్తుంది. నడిపింది మైనరైతే 199ఏ వేయమనండి. దాని కింద తల్లిదండ్రులకు లేదా ఓనరుకు 25,000 జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు ఉన్నాయి, బండి రిజిస్ట్రేషన్ కూడా ఏడాది రద్దవుతుంది. కేంద్ర నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలి. వాటి కాపీలు మీకూ ఇవ్వాలి, అడగండి.

చాలామంది పోగొట్టుకునే అవకాశం బండి విడుదల దగ్గరే ఉంది. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) తనిఖీ అయిపోగానే ఓనరు మేజిస్ట్రేట్ కోర్టులో విడుదల పిటిషన్ వేస్తాడు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేని బండిని, పరిహారానికి సరిపడా పూచీకత్తు కట్టించుకోకుండా వదలకూడదు. మూడు నెలలైనా కట్టకపోతే వేలం వేసి, ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. ఈ నిబంధన అన్ని రాష్ట్రాల్లో అమలు కావాలని 2018లో ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా ఇన్సూరెన్స్ లేదని ఎవరూ గుర్తుచేయకపోతే బండి మామూలు బాండు మీద వెళ్లిపోతుంది. అందుకే మొదటి వారంలోనే లాయరు ద్వారా, బండికి ఇన్సూరెన్స్ లేదని కోర్టుకు తెలిపే మెమో వేయించండి. పాత బైక్ వేలంలో పెద్దగా రాదు నిజమే. కానీ లారీ, ట్రాక్టర్, కారు అయితే అది స్టేషన్‌లో ఉన్నంతకాలం ఓనరు మీ ఫోన్ ఎత్తుతాడు.

మీ కారు డ్యామేజీ సంగతి వేరు. మీకు కాంప్రహెన్సివ్ పాలసీ (మీ బండి నష్టం కూడా కవర్ చేసేది) ఉంటే అవతలివాడి కోసం ఆగకుండా మీ కంపెనీలోనే క్లెయిమ్ వేయండి. కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే గ్యారేజీలో ఏమీ విప్పనివ్వొద్దు. 1500 సీసీ లోపు కారుకు 1,000, అంతకు మించితే 2,000 మీ చేతి నుంచి పడుతుంది. జీరో డెప్ (తరుగు కోయకుండా కట్టే అదనపు కవర్) లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే వస్తుంది. గాజుకు కోత లేదు.

నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) లెక్క మాత్రం వేసుకోండి. ఓన్ డ్యామేజీ ప్రీమియం 12,000 ఉండి 50 శాతం బోనస్ వస్తోందనుకుందాం. క్లెయిమ్ చేస్తే అది సున్నాకు పడి, ఏటా 20, 25, 35, 45 మీదుగా మళ్లీ 50కి చేరుతుంది. ప్రీమియం మారదనుకుంటే ఆ ఐదు రెన్యువల్స్‌లో మీరు అదనంగా కట్టేది 15,000. రిపేరు అంతకంటే తక్కువైతే క్లెయిమ్ వదిలేసి ఓనరు దగ్గర రాబట్టుకోవడమే మేలు.

అక్కడికక్కడే ఐదు వేలు తీసుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. ముందు బంపర్ పైకి సొట్టలా కనిపించినా, వెనక ఏసీ కండెన్సరు, రేడియేటరు, హెడ్‌లైట్ బ్రాకెట్లు పగిలి ఉండొచ్చు. విప్పాకే తెలుస్తుంది. పైగా మీ కంపెనీ మీకు క్లెయిమ్ కడితే అవతలివాడి నుంచి వసూలు చేసే హక్కు దానికి వెళ్తుంది. మీరు రాజీ రాసిచ్చేస్తే ఆ హక్కు చెడుతుంది, దాంతో క్లెయిమ్‌కే అడ్డం పడొచ్చు. రాజీ తప్పదనుకుంటే ఎస్టిమేట్ చేతికొచ్చాక, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకుని, "బండి డ్యామేజీకి మాత్రమే" అని రాయండి. గాయాల మాట ఆ కాగితంలో ఉండకూడదు.

గాయాలకు, ప్రాణనష్టానికి ట్రిబ్యునల్‌లో ఎంవీఓపీ (పరిహారం పిటిషన్) వేయాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ప్రమాదం జరిగిన ఊరికి తిరగక్కర్లేదు. చట్టంలో గడువు 6 నెలలని ఉంది, దాన్ని దాటనివ్వకండి. ప్రతివాదులుగా డ్రైవరును, ఆర్‌సీలో పేరున్న ఓనరును ఇద్దరినీ చేర్చాలి. "బండి ఎప్పుడో అమ్మేశానండీ, ఫారం 29, 30 (పేరు మార్పిడి ఫారాలు) మీద సంతకాలు కూడా పెట్టాను" అనే జవాబు చెల్లదు. ప్రమాదం నాటికి ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఓనరని నవీన్ కుమార్ కేసులో 2018లోనే తేలింది. ఒక్కోసారి పాత ఓనరు దగ్గరే ఆస్తి ఉంటుంది.

ఆ ఆస్తి వెతికే పని తీర్పు దాకా వాయిదా వేయకండి. పిటిషన్ వేసేటప్పుడే ఓనరు ఇంటికీ పొలానికీ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఈలోపు అమ్మేస్తాడనిపిస్తే ముందుగానే అటాచ్‌మెంట్ (ఆస్తి జప్తు) అడిగే వీలుందేమో లాయరుతో మాట్లాడండి. అవార్డు (ట్రిబ్యునల్ తీర్పు) వచ్చాక కట్టకపోతే సెక్షన్ 174 కింద ట్రిబ్యునల్‌ను సర్టిఫికెట్ అడగండి. అది కలెక్టరుకు వెళ్తుంది, భూమిశిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు. ఆ దరఖాస్తుకు సర్వే నంబర్లతో పాటు ఈసీ జత చేయండి. ఏ భూమి మీదకు వెళ్లాలో తెలియక ఆ కాగితం తహసీల్దారు ఆఫీసులో పడి ఉండిపోకుండా ఉంటుంది.