అరకు లైన్ లేఅవుట్: సొరంగం అయింది, బ్యాలస్ట్ నడుస్తోంది

పట్టాలు పరచడం, వైరింగ్ అయిపోయాయి, ఇప్పుడు నేల పని మీద పడ్డాను. కొత్తగా చూసేవాళ్ల కోసం: ఇది బొమ్మ రైలు లేఅవుట్, హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు దాంట్లో 87వ వంతు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల మీద కేకే లైన్లో, అదే అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైన్లో, బొర్రా గుహలు, శిమిలిగుడ మధ్య ఘాట్ ముక్క కడుతున్నాను.

ఇంట్లో ఉన్న జాగాకి ఆ లైన్ భలే కుదిరింది. అక్కడ 58 సొరంగాలున్నాయి కాబట్టి బల్ల రెండు చివర్లా రైలు కొండలోకి దూరి మాయమైనా ఎవరికీ వింతగా ఉండదు. 438 మి.మీ. రేడియస్ ఉన్న బిగుతు వంపులన్నీ లోపలే దాచేశాను, కంటికి కనిపించే ముందువైపు మాత్రం దాదాపు మీటరు రేడియస్‌తో సాఫీగా తిరుగుతుంది. ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) బోగీ ఈ స్కేల్లో 24.5 సెం.మీ. వస్తుంది, వంపులో దాని మధ్య భాగం లోపలికి, మూలలు బయటికి పొడుచుకొస్తాయి, అందుకే సొరంగం గోడ కట్టే ముందు మీ దగ్గరున్న అన్నింటికన్నా పొడుగు బోగీకి పెన్సిల్ కట్టి మెల్లగా తిప్పండి, ఆ గీతకి 5 మి.మీ. అవతల గోడ లేపండి. కొండ పైభాగం మూతలా ఊడొస్తుంది. లోపల బోగీ పట్టాలు తప్పితే చెయ్యి దూరాలి కదా.

మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి, కొనడానికి దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5. నేను 16.5తోనే కానిస్తున్నాను, పక్క నుంచి చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. నల్లటి ప్లాస్టిక్ స్లీపర్లు మాత్రం వెంటనే ఆనుతాయి, వాటికి సిమెంటు రంగు వేయాల్సిందే. పట్టాల పక్కలకి తుప్పు రంగు వేసి, తడి ఆరకముందే పైభాగం గుడ్డతో తుడిచేయండి, లేకపోతే కరెంటు అందదు.

ఇక బ్యాలస్ట్, అంటే పట్టాల కింద పోసే కంకర. అసలు కంకర 65 మి.మీ. అనుకుంటే ఈ స్కేల్లో 0.75 మి.మీ. రాయి కావాలి. క్రషర్ డస్ట్ తెచ్చి కడిగి, ఆరబెట్టి, టీ వడపోతలో జల్లించి, కిందకి దిగినదాంట్లోంచి మళ్లీ పలచటి గుడ్డతో పిండిలాంటి దుమ్ము తీసేశాను. ఆ తర్వాత ప్లాస్టిక్ కవర్లో అయస్కాంతం పెట్టి మొత్తం కలియతిప్పాలి. కవర్‌కి నల్లటి రవ్వ నూగులా అంటుకుంటుంది, అది ఇంజన్ మోటార్‌లోకి చేరితే మోటార్ పాడవుతుంది, కాబట్టి ఈ ఒక్క పని దగ్గర బద్ధకించొద్దు. బీచ్ ఇసుక అసలు వాడొద్దు, ఉప్పు ఒకటి, నల్ల ఇసుక ఒకటి.

పొడిగానే పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మీద నుంచి గింజలు దులిపి, నీళ్లలో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి స్ప్రే చేయండి. తడిసాక ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఇంక్ ఫిల్లర్‌తో వదలాలి. తడపకుండా జిగురు వేస్తే గుండ్రంగా బొట్టు కట్టి గింజలన్నీ లాక్కుపోతుంది. పాయింట్ల (రైలు ఒక ట్రాక్ నుంచి ఇంకోదానికి మారే చోట్ల) దగ్గర కదిలే బ్లేడ్ల కింద చుక్క కూడా పడనివ్వకండి. ఒక రాత్రి ఆరాక చేత్తో రుద్దినా కదలదు.

ఇది అరకు లైన్ అని తెలిసేది ఇంజన్ వల్ల కాదు, రంగు వల్ల అని నా గట్టి నమ్మకం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం దిగే దారి ఇది. బూడిదరంగు కంకరతో వదిలేస్తే దేశంలో ఏ ఘాట్ అయినా కావచ్చు. ఎర్రమట్టిని దంచి, జల్లించి, దానికీ అయస్కాంతం చూపించి, పొడి బ్రష్‌తో పట్టాల మధ్య అద్దాను. మధ్యలో చిక్కగా, అంచులకు వెళ్లేకొద్దీ పలచగా ఉండాలి. వెనకాల బీఓఎక్స్‌ఎన్ వ్యాగన్లు (ఖనిజం మోసే, పైకప్పు లేని పెట్టెలు) పెట్టి చూశాను, అచ్చం ఆ లైనే!

ట్రాక్ పక్క వాలులో వలిసె పూల చేను వేస్తున్నాను. సన్నటి రంపపు పొట్టుకి పసుపు యాక్రిలిక్ రంగు పట్టించి, ఆకుపచ్చ పొట్టు మీద చల్లాలి. వంటింటి పసుపు వద్దు, వెలుతురుకి వెలిసిపోతుంది.

తర్వాత పని కరెంటు స్తంభాలు. తీగ ఎత్తు 5.5 మీటర్లు, అంటే నాకు 63 మి.మీ., సొరంగం నోరు ఆ లెక్కతోనే కోశాను. తిన్నని దారిలో రెండు స్తంభాల మధ్య 72 మీటర్ల దాకా ఉండొచ్చు, వంపుల్లో బాగా తగ్గుతుంది. అందుకే నా ముందు వంపులో 35 సెం.మీ.కి ఒకటి చొప్పున ముందు అట్టముక్కలు నిలబెట్టి, చూపుకి నప్పితేనే ఇత్తడి కడ్డీలు కోస్తాను.