ఇంజిన్ ప్రమాదాల రిపోర్టులు వెతికిన అనుభవం

లోహంలో ఫెటీగ్ గురించి, అంటే పదేపదే ఒత్తిడి పడి లోహం పగుళ్లివ్వడం గురించి, ఇంజినీరింగ్ పిల్లలకు క్లాసు చెప్పాల్సి వచ్చింది. గ్రాఫులు పెడితే ఆవలింతలే. విమానంలో నిజంగా విరిగిన ముక్కనూ, దాని మీద పగులు పాకిన జాడనూ చూపిస్తే వింటారనిపించి, ఇంజిన్ ప్రమాదాల రిపోర్టుల వేటలో పడ్డాను.

ముందు ఎయిర్‌లైన్స్‌నే అడిగాను. అంతర్గత పత్రాలు బయటివాళ్లకు ఇవ్వమని ఒక సంస్థ మర్యాదగానే జవాబిచ్చింది. మరో సంస్థ ఉలకలేదు, పలకలేదు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు, అధికారిక రిపోర్టు రాసేది ఎయిర్‌లైన్ కాదు కదా. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో రూపొందించిన అనెక్స్ 13 అనే నియమావళి ప్రకారం, ప్రమాదం ఏ దేశంలో జరిగితే దర్యాప్తు ఆ దేశానిది. విమానం రిజిస్టరైన దేశం, నడిపిన సంస్థ దేశం, తయారుచేసిన దేశం కూడా ప్రతినిధులను పంపవచ్చు. కావాలంటే దర్యాప్తునే వేరే దేశానికి అప్పగించవచ్చు.

నన్ను బాగా తిప్పింది ఈ ఆఖరి వెసులుబాటే. 2010 నవంబరు 4న క్వాంటస్ 32 విమానం ఇంజిన్ ఇండోనేషియాలోని బాతమ్ దీవి మీదుగా వెళ్తుండగా పేలింది. ఆ ఎ380 దిగింది సింగపూర్‌లో. రిపోర్టేమో ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ దగ్గరుంది. 2017లో గ్రీన్‌లాండ్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 66 ఇంజిన్ ముందుభాగం ఊడిపోయింది. ఆ ఫైలు ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ దగ్గర ఉంది. మంచులో కూరుకుపోయిన ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ బ్లేడ్లను బిగించే మధ్యభాగం) ముక్క 2019లో గానీ దొరకలేదు. తుది నివేదిక వీలైతే 12 నెలల్లో ఇవ్వాలని నియమం ఉన్నా, ఇలాంటి కేసుల్లో అది ఎలా కుదురుతుంది?

తర్వాత ఇంకో చిక్కు. డేటాబేసులో ‘యాక్సిడెంట్’ ఎంచుకుని వెతికితే, వార్తల్లో చూసిన ఇంజిన్ ఘటనలు కొన్ని అసలు కనిపించనే లేదు. నిర్వచనం తీసి చదివాక అర్థమైంది. ఎవరూ చనిపోకుండా, తీవ్రంగా గాయపడకుండా, నష్టం ఒక్క ఇంజిన్‌కూ దాని కవచానికీ పరిమితమైతే అది యాక్సిడెంట్ లెక్కలోకే రాదు, ఇన్సిడెంట్ కింద పోతుంది. లోపల ఇంజిన్ నుజ్జునుజ్జయినా సరే! ఇక ఆ గడిని ఖాళీగా వదిలేసి సీఎఫ్‌ఎం56, సీఎఫ్6, ట్రెంట్ 900 అంటూ ఇంజిన్ మోడల్ పేర్లతో వెతికాను. అప్పుడు కావలసినవి వరసగా వచ్చాయి.

నా పనికి అన్నిటికన్నా అక్కరకొచ్చింది అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ వాళ్ల డాకెట్, అంటే కేసు పత్రాల కట్ట. తుది రిపోర్టులో సారాంశమే ఉంటుంది. ఇంజిన్ బృందం రాసిన వివరాలు, ల్యాబ్ పరీక్షలు, ఇంటర్వ్యూలు డాకెట్‌లో విడివిడిగా ఉంటాయి. 2018 ఏప్రిల్ 17 నాటి సౌత్‌వెస్ట్ 1380 కేసు నంబరు డీసీఏ18ఎంఏ142. ఈ నంబరు కొడితే చాలు, మొత్తం తెరుచుకుంటుంది. హబ్ గాడిలో బిగుసుకుని కూర్చునే డవ్‌టెయిల్ దగ్గర 13వ నంబరు ఫ్యాన్ బ్లేడ్‌కు ఫెటీగ్ పగులు వచ్చింది. బ్లేడ్ విరిగి కవచాన్ని కొట్టింది, కవచం ముక్కలై ఎగిరింది, ఒక కిటికీ పోయింది, ఒక ప్రయాణికురాలు ప్రాణం కోల్పోయారు. క్లాసులో అందరూ ఫోన్లు పక్కన పెట్టింది ఈ కేసు దగ్గరే. కాక్‌పిట్ మాటల ఆడియో కోసం మాత్రం వెతక్కండి. చట్టం ఒప్పుకోదు కాబట్టి రాతప్రతి ఒక్కటే ఇస్తారు.

పాత రిపోర్టులు స్కాన్ చేసినవి. లోపలి మాటలతో వెతికితే సరిగ్గా దొరకవు, రిపోర్టు నంబరు తెలిసుండాలి. 1989 జులై 19న కూలిన యునైటెడ్ 232 విమానం రిపోర్టు నంబరు ఏఏఆర్-90/06. టైటానియం తయారీలో మిగిలిపోయిన చిన్న లోపం దగ్గర మొదలైన పగులుతో ఫ్యాన్ డిస్క్ పగిలి, విమానాన్ని అదుపుచేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. 296 మందిలో 112 మంది చనిపోయారు. ఆ డిస్క్ ముక్కలు దాదాపు మూడు నెలల తర్వాత మొక్కజొన్న చేలల్లో దొరికాయి.

ఎయిర్‌లైన్స్ లోపలి మాట కావాలనుకునేవాళ్లకు మిగిలిన దారి ఏఎస్‌ఆర్‌ఎస్. పైలట్లు, మెకానిక్‌లు స్వచ్ఛందంగా పంపే రిపోర్టులను నాసా 1976 నుంచి పేర్లు తీసేసి అందుబాటులో ఉంచుతోంది. అవి రాసినవాళ్ల మాటలే తప్ప ఎవరూ నిర్ధారించినవి కావు. అందుకే వాటిని క్లాసులో చర్చకు వాడుకున్నాను గానీ, లెక్కలు కట్టడానికి వాడలేదు.