చిన్న పార్టుల చెకింగ్‌కి లూప్, మైక్రోస్కోప్ ఎంచుకోవడం: నా అనుభవం

నేను రోజూ చూసేవి మిల్లీమీటరు మందం ఉండే షాఫ్టులు, గోరు మీద నాలుగైదు పట్టేసే గేర్లు. లేతు నుంచి దిగిన పార్టు అంచున బర్ (కోత దగ్గర మిగిలే సన్నటి లోహపు ముల్లు) మిగిలిందా, షాఫ్టు కొన మీద గీతలు పడ్డాయా, గేరు పన్ను మూల చిట్లిందా అన్నది తేల్చాలి. వయసు నలభై దాటి, దగ్గరచూపుకి కళ్ళజోడు వచ్చాక పాత భూతద్దంతో నెట్టుకురావడం కష్టమైంది. సరే, సరైనవి కొందామని కూర్చున్నాను. ఎవరిని అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఎన్ని ఎక్స్ కావాలి?’ అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపించాలి అని.

దానికి జవాబు పార్టులోనే ఉంది. మామూలు చూపున్న కంటికి 25 సెంటీమీటర్ల దూరంలో సుమారు 0.1 మిల్లీమీటరు వరకు విడివిడిగా తెలుస్తుంది. నేను పట్టుకోవాల్సిన బర్ 0.02 ఉంటుంది. లెక్క ప్రకారం 5ఎక్స్ చాలు. కానీ కంటి శక్తి చివరంటా వాడుకుంటూ రోజంతా చూస్తే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. అందుకే చెకింగ్‌కి 10ఎక్స్ అనుకున్నాను. అంతకుమించి ఎందుకు కావాలో కారణం ఉంటే తప్ప పైకి పోకూడదని కూడా అనుకున్నాను.

లూప్‌ల (కంటికి దగ్గరగా పెట్టుకుని చూసే చిన్న భూతద్దాల) విషయంలో ఒక చిన్న లెక్క నాకు చాలా పనికొచ్చింది. 250ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (పార్టు స్పష్టంగా కనిపించే దూరం దాదాపు ఇదే, మిల్లీమీటర్లలో) భాగిస్తే ఎక్స్ వస్తుంది. అంటే 10ఎక్స్ లూప్‌కి పార్టు 25 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ సందులో ట్వీజర్స్ పెట్టడమే కష్టం. పైగా మన తలే వెలుగుకి అడ్డం. 4ఎక్స్‌కి ఆ దూరం 62 మిల్లీమీటర్లు, చేతికి కాస్త చోటు దొరుకుతుంది. అందుకని పార్టు పట్టుకుని బర్ తీయడానికి 4ఎక్స్, తీశాక చూడటానికి 10ఎక్స్ అని రెండు తీసుకున్నాను. తలకి పెట్టుకునే హెడ్ మాగ్నిఫయర్ కూడా పెట్టి చూశాను. 20 సెంటీమీటర్ల దూరంలో రెండున్నర రెట్లు చూపించేది అసెంబ్లీకి హాయిగా ఉంది, చెకింగ్‌కి మాత్రం చాలదు.

ఇదే లెక్క తిరగేస్తే లూప్ మీద చెక్కిన అంకె నిజమో కాదో కూడా తెలిసిపోతుంది. కన్ను లెన్స్‌కి దగ్గరగా పెట్టి, అచ్చు అక్షరాలు బాగా స్పష్టంగా కనిపించే వరకు లూప్‌ని కాగితం మీద నుంచి పైకి లేపి, మధ్య దూరం స్కేలుతో కొలవడమే. 30ఎక్స్ అని చెక్కిన ఒక లూప్‌కి దాదాపు అంగుళం వచ్చింది. అంటే అది 10ఎక్సే! తర్వాత గ్రాఫ్ పేపర్ పరీక్ష. ఒంటి లెన్స్ లూప్‌లో మధ్య గళ్ళు బాగానే ఉంటాయి, చివర గీతలు వంకరపోతాయి, వాటికి రంగు అంచులు వస్తాయి. మూడు గాజులు అతికించిన ట్రిప్లెట్‌లో గీతలు చివరిదాకా దాదాపు తిన్నగా ఉన్నాయి. 10ఎక్స్‌లో ట్రిప్లెట్ తప్ప వేరేది వద్దని నా మాట. 4ఎక్స్‌లో మామూలుది చాలు.

కంప్యూటర్‌కి తగిలించి స్క్రీన్ మీద చూసే యూఎస్‌బీ మైక్రోస్కోప్‌ల మీద మాత్రం నాకు కొంచెం కోపం ఉంది. డబ్బా మీద 1000ఎక్స్ అని ఉంటుంది. 5 మిల్లీమీటర్ల పార్టు 500 మిల్లీమీటర్ల వెడల్పున్న స్క్రీన్ నిండా కనిపిస్తే అది 100 రెట్లు. అదే బొమ్మని రెండింతల టీవీలో వేస్తే 200 రెట్లు అయిపోతుంది, కొత్తగా ఒక్క గీత కూడా కనపడదు. లోతు తెలియదు, చెయ్యి కదిపాక బొమ్మ ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. కస్టమర్‌కి ఫోటో పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం అదే దిక్కు.

రెండు కళ్ళతో చూసే, లోతు కూడా తెలిసే స్టీరియో మైక్రోస్కోప్ కొనేముందు ఒక డబ్బాలో నా పార్టులే వేసుకుని వెళ్ళాను: బర్ ఉన్నది, బర్ లేనిది, గీత పడిన షాఫ్టు, పన్ను చిట్లిన గేరు. అమ్మేవాళ్ళు చూపించే నాణెం ఏ మైక్రోస్కోప్‌లోనైనా బాగానే కనిపిస్తుంది. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం గ్రీనో రకం, రెండు కళ్ళకి రెండు వేర్వేరు దారులు. 1890లలో జైస్ కంపెనీ తయారుచేసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. 0.7 నుంచి 4.5 వరకు జూమ్, 10ఎక్స్ ఐపీస్ (కన్ను పెట్టే లెన్స్) ఉంటే మొత్తం 7 నుంచి 45 రెట్లు. కింద సుమారు 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది, చేతులు పెట్టి పని చేసుకోవచ్చు. ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ 20 అని ఉంటే, దాన్ని జూమ్ అంకెతో భాగిస్తే ఎంత మేర కనిపిస్తుందో వస్తుంది: 7 రెట్ల దగ్గర 28 మిల్లీమీటర్ల మేర కనిపిస్తుంది, 45 దగ్గర నాలుగున్నర కూడా ఉండదు. కళ్ళజోడు వాళ్ళు ఐపీస్‌కి కన్ను కాస్త దూరంగా ఉన్నా బొమ్మ మొత్తం కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. నేను ఒక మంచి మోడల్‌ని ఆ ఒక్క కారణంతోనే వద్దన్నాను.

ఇక లైటు. మైక్రోస్కోప్‌తో పాటు ఎల్ఈడీ రింగ్ లైట్ ఇచ్చారు. మెరిసే షాఫ్టు మీద అది వేస్తే తెల్ల చుక్కల వరస తప్ప ఏమీ కనపడలేదు, గీత ఉన్న షాఫ్టు కూడా మంచిదానిలాగే ఉంది. రింగ్ ఆపేసి, చిన్న టేబుల్ లైటుని పక్క నుంచి, దాదాపు బల్లకి ఆనేంత కిందగా పెట్టాను. రంధ్రం అంచున బర్‌కి నీడ పడింది. పార్టుని మెల్లగా తిప్పుతుంటే ఆ నీడ పొడుగవుతూ, పొట్టవుతూ బర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూపించేసింది. గీతకి వేరే ఉపాయం కావాల్సి వచ్చింది: లైటుకీ షాఫ్టుకీ మధ్య ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టాను. షాఫ్టు మీద తెల్లటి పట్టీ నున్నగా పరుచుకుంది, దాని మధ్య గీత నల్లగా తేలింది. 10 రెట్లలోనే కనపడింది, జూమ్ తిప్పే పనే పడలేదు.

జూమ్ గురించి మా దగ్గర ఒక గొడవ కూడా నడిచింది. 40 రెట్లలో ఎంత మంచి పార్టయినా దున్నిన చేనులాగే ఉంటుంది, టూల్ నడిచిన ప్రతి చాలూ కనిపిస్తుంది. కొత్తగా చేరిన అబ్బాయి ఆ సైజులో చూసి, పనికొచ్చే పార్టుల్ని పక్కన పడేయడం మొదలెట్టాడు. ఇప్పుడు చెకింగ్ షీట్‌లో ఎన్ని ఎక్స్‌లో, ఏ వైపు లైటుతో చూడాలో రాసి ఉంటుంది. మామూలుగా 10, బేరింగ్‌లో తిరిగే కొనకి 20. అక్కడ కనపడనిది లోపం కింద రాయకూడదు. కొలతల జోలికి స్టీరియోతో వెళ్ళం. అందులో రెండు దారులూ కాస్త ఏటవాలుగా చూస్తాయి కాబట్టి సైజులు ప్రొఫైల్ ప్రొజెక్టర్ (పార్టు నీడని పెద్దది చేసి తెర మీద చూపించే యంత్రం) మీదే.

అద్దంలా పాలిష్ చేసిన చదును ముఖాలు మాత్రం ఇంకా ఇబ్బందే. వాటికి లెన్స్ దారిలోంచే దిగే కోయాక్సియల్ లైటు కావాలి, అది ఇంకా కొనలేదు. ప్రస్తుతానికి పార్టు పైన చిన్న గాజు పలకని 45 డిగ్రీల వాలులో నిలబెట్టి, పక్క నుంచి లైటు కొడుతున్నాను. గాజుకి తగిలి వెలుగు నిలువుగా కిందకి దిగుతుంది, మచ్చలు కనిపిస్తున్నాయి. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది కానీ, నెలకి ఎప్పుడో వచ్చే పార్టుకి అది చాలు.