ఐపీఏ చుక్క, నూనె పళ్లెం

గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ల బల్ల మీద ఐపీఏ డబ్బా ఉండి తీరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్. తడిసిన బోర్డు కడగాలన్నా, సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోడానికి పూసేది) జిగురు తుడవాలన్నా అదే. ఇంటర్ చదివే మా అమ్మాయి నాచేత కొంచెం ఇంటికి తెప్పించింది.

స్టీలు పళ్లెంలో సన్‌ఫ్లవర్ నూనె పోసింది. ఐపీఏ సగం, నీళ్లు సగం కలిపి, బ్లూ ఇంకు వేసి, ఒక చుక్క నూనె మీద వదిలింది. చుక్క గబగబా విచ్చుకుంది. అంతలో దాని అంచు గాట్లు గాట్లుగా చీలి, ఆవగింజలకన్నా చిన్న నీలి బొట్లు చుట్టూ రాలడం మొదలెట్టాయి. చుక్క మొత్తం అలా చెదిరిపోయేదాకా ఆగలేదు. ఇంకో చుక్క వేసి వెంటనే గాజు మూత పెడితే ఆ రాలడం నెమ్మదించింది. "చూశావా నాన్నా, ఆవిరి పోవాలి" అంది.

కిటుకంతా అంచులో ఉంది. అక్కడ పొర పల్చన, ఆల్కహాల్ ముందు అక్కడే ఎగిరిపోతుంది. తలతన్యత, అంటే ద్రవం పైపొర బిగువు, నీటికి మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, ఐపీఏకి 21 దాకా. ఆల్కహాల్ తగ్గిన అంచుకు లాగే బలం పెరిగి నడిమి ద్రవాన్ని తనవైపు గుంజుకుంటుంది. కానీ దాదాపు నీళ్లే మిగిలిన అంచు నూనె మీద పరుచుకోలేదు, బొట్లుగా తెగుతుంది. నీళ్లు మరీ ఎక్కువ కలిపితే చుక్క అసలు విచ్చుకోదు, ముద్దలా కూర్చుంటుంది.

ఈ గుంజుడుకి ఇటలీ శాస్త్రవేత్త కార్లో మారంగోని పేరు పెట్టారు. ఆయన 1865లో దీనిమీదే థీసిస్ రాశాడు. అంతకు పదేళ్ల ముందే, 1855లో, జేమ్స్ థామ్సన్ వైన్ గ్లాసు గోడల మీద జారే చుక్కలకు ఇదే కారణం చెప్పాడు. పేరు మాత్రం మారంగోనికే దక్కింది. సన్‌ఫ్లవర్ నూనె మీద ఈ పగిలే చుక్కల లెక్క తేల్చిన ఫ్రాన్స్ వాళ్ల పేపరు 2017లో వచ్చింది.

నాకు పనికొచ్చింది వేరే. నీళ్లు కలిసిన ఐపీఏతో కడిగితే బోర్డు మీద తెల్ల మచ్చలు ఎందుకొస్తాయో ఇప్పుడు షాపులో కుర్రాళ్లకు చెప్పగలను. ఆల్కహాల్ ముందు పోతుంది, వెనక మిగిలిన నీళ్లలో ఫ్లక్స్ కరగదు, తెల్లగా పేరుకుంటుంది. 99 శాతంది వాడినా ఊరికే ఆరనిస్తే కొంత మచ్చ తప్పదు. తడి ఉండగానే టిష్యూతో అద్దేయాలి.

ఇంట్లో చేస్తే పొయ్యి దగ్గర వద్దు, ఐపీఏ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. ఆ నూనె కూరలోకి పనికిరాదు. దీపానికి ఉంచుదామంది మా ఆవిడ, నేనే పారబోయించాను.