ఖాళీ డిస్కు కొనేటప్పుడు ఏం చూడాలి

డిస్కు ఎందులో పెట్టి ఆడిస్తారు, ఎన్నాళ్లు దాచాలి అన్నవి ముందు తేల్చుకుంటే సగం రకాలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. బ్రాండు సంగతి తర్వాత.

పాత ఆడియో ప్లేయర్ కోసం పాటలైతే 700 ఎంబీ, 80 నిమిషాల సీడీ-ఆర్ చాలు. చెరిపి మళ్లీ రాయగలిగే సీడీ-ఆర్‌డబ్ల్యూ వద్దు. సీడీ-ఆర్ తన మీద పడిన లేజర్ కాంతిలో 65 శాతమైనా వెనక్కి పంపుతుంది. ఆర్‌డబ్ల్యూ పంపేది 15 నుంచి 25 శాతమే. ఆ కాస్త వెలుగుతో చాలా పాత ప్లేయర్లు డిస్కు ఉందనే గుర్తించలేవు. ఇక 'మ్యూజిక్' అని అచ్చు వేసిన సీడీ-ఆర్‌లు విడిగా దొరికే ఆడియో రికార్డర్ల కోసం. కంప్యూటర్లో బర్న్ చేసేవాళ్లు వాటికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు, వాటివల్ల శబ్దమేమీ మెరుగుపడదు.

డీవీడీల్లో మైనస్ (డీవీడీ-ఆర్), ప్లస్ (డీవీడీ+ఆర్) గొడవ ఒకటుంది. 1997లో వచ్చిన మైనస్ ఆర్ ముందుది, 2002లో వచ్చిన ప్లస్ ఆర్ తర్వాతది. కాబట్టి బాగా పాత డీవీడీ ప్లేయర్‌కి మైనస్ ఆర్ నయం. ప్లస్ ఆర్‌కీ ఒక ఉపాయం ఉంది. రైటర్ ఒప్పుకుంటే బర్న్ చేసేముందు బుక్ టైప్‌ని, అంటే డిస్కు ఏ రకమో ప్లేయర్‌కి చెప్పే గుర్తుని, డీవీడీ-రోమ్‌గా మార్చుకోవచ్చు, అంటే కంపెనీలు అచ్చుకొట్టే డీవీడీల రకంగా. అప్పుడు ప్లేయర్ దాన్ని మామూలు సినిమా డిస్కే అనుకుని ఆడిస్తుంది. రెండింటి మీదా 4.7 జీబీ అనే ఉంటుంది, విండోస్ 4.38 అని చూపిస్తుంది. అది మోసం కాదు, లెక్క కట్టే పద్ధతి వేరు. అయితే ప్లస్ ఆర్‌లో నిజంగానే సుమారు 70 లక్షల బైట్లు తక్కువ. మైనస్ ఆర్‌కి అంచుదాకా సరిపోయేలా చేసిన ఇమేజ్ (డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా చేసినది) ప్లస్ ఆర్‌లో పట్టదు.

8.5 జీబీ డబుల్ లేయర్ డిస్కుని ఒకే పెద్ద వీడియోని విడగొట్టకూడదనుకున్నప్పుడే వాడండి. రెండో పొరని మొదటి పొరలోంచే రాయాలి, చదవాలి. పొర మారేచోట డ్రైవ్‌లు తడబడతాయి. దాచుకునే ఫైళ్లకి రెండు మామూలు డిస్కులే మేలు.

అసలు విషయం మీడియా కోడ్‌లో ఉంది. ఒకే బ్రాండు, ఒకే రకం పెట్టె, కానీ లోపలి డిస్కులు ఈసారి ఒక ఫ్యాక్టరీవి, మరోసారి ఇంకో ఫ్యాక్టరీవి కావచ్చు. తయారీదారు ఎవరో, రకమేమిటో చెప్పే కోడ్ ఖాళీ డిస్కులోనే ముద్రించి ఉంటుంది. డిస్కుని రైటర్‌లో పెట్టి ఇమ్‌గ్‌బర్న్ అనే బర్నింగ్ ప్రోగ్రామ్ తెరిస్తే కుడివైపు కనిపిస్తుంది. ఎంసీసీతో మొదలైతే మిత్సుబిషి కెమికల్, టీవైజీతో మొదలైతే తైయో యూడెన్, సీఎంసీ మ్యాగ్ అని ఉంటే సీఎంసీ. కోడ్ కాపీ కొట్టిన నాసిరకాలూ ఉన్నాయి కాబట్టి ఇదొక్కటే చూసి నమ్మకూడదు. కానీ రైటర్ మాత్రం దీన్నే నమ్ముతుంది. ఏ కోడ్‌కి లేజర్ ఎంత బలంగా, ఎంతసేపు కొట్టాలన్న పట్టిక దాని ఫర్మ్‌వేర్‌లో, అంటే రైటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో, ఉంటుంది. కోడ్ ఆ పట్టికలో లేకపోతే అందరికీ పనికొచ్చే ఓ సగటు పద్ధతిలో రాసేస్తుంది. బర్న్ పూర్తయిందని చెప్పినా డిస్కు నిండా తప్పులు పేరుకునేది ఇలాంటప్పుడే. కొత్త డిస్కులు పాత రైటర్‌లో వరుసగా పాడవుతుంటే డిస్కుల్ని తిట్టేముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి.

వేగం విషయంలో ఎంత నెమ్మదైతే అంత మంచిదన్న మాట ఇంకా వినిపిస్తుంది. అది పాత రోజుల సంగతి. 16ఎక్స్ (మూల వేగానికి 16 రెట్లు) డీవీడీలో లేజర్ రాసే రంగు పొరని వేగంగా రాయడానికే తయారుచేస్తారు, 2ఎక్స్‌లో రాస్తే మెరుగవుతుందన్న హామీ లేదు. 16ఎక్స్ డిస్కుకి 8ఎక్స్, 52ఎక్స్ సీడీకి 16 లేదా 24ఎక్స్ మంచి మధ్యస్థం. బయటి అంచుకి వెళ్లేకొద్దీ రంగు పొర సమంగా ఉండటం కష్టం, తప్పులు ఎక్కువగా తేలేది అక్కడే. డేటా లోపలి నుంచి బయటికి రాస్తారు కాబట్టి ముఖ్యమైన డీవీడీని 4.2 జీబీ దగ్గర ఆపేస్తే ఆ అంచు జోలికి పోనక్కర్లేదు.

బ్లూ-రేలో చూడాల్సింది ఎల్‌టీహెచ్ అన్న అక్షరాలు. అవి పెట్టె మీద ఉంటే లోపల సేంద్రియ రంగు పొర ఉన్నట్టు, దానికి వెలుతురన్నా వేడన్నా పడదు. మామూలు బీడీ-ఆర్‌లో (ఒకసారి రాసే బ్లూ-రేలో) ఉండేది నిరింద్రియ పొర. ఏళ్లతరబడి దాచడానికి రెండోదే కొనండి, 25 జీబీ ఒకే పొరది. ఎం-డిస్క్ కూడా ఈ అవసరానికే. దాని డీవీడీ రకాన్ని రాయడానికి దానికి తగిన రైటర్ ఉండాలి, బ్లూ-రే రకాన్ని మామూలు బ్లూ-రే రైటర్లే చాలావరకు రాస్తాయి. ఆర్‌డబ్ల్యూ డిస్కులు సుమారు వెయ్యిసార్లు చెరిపి రాయడానికి పనికొస్తాయి, దాచడానికి కాదు.

గీతలు ఎక్కడ పడితే ప్రమాదమో కూడా రకాన్ని బట్టి మారుతుంది. సీడీలో డేటా పొర పైవైపు, పేరు రాసే పలుచటి లక్క కిందే ఉంటుంది. అక్కడ బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే డేటా పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల బిళ్లల మధ్య అతికి ఉంటుంది. బ్లూ-రేలో లేజర్ వైపు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే. దేనిమీదైనా కాగితం స్టిక్కర్లు అంటించకండి, బరువు ఓపక్కకి ఒరిగి డిస్కు వణుకుతుంది. నీటి ఇంకు మార్కర్‌తో మధ్యనున్న పారదర్శక వలయం మీద రాయండి.

ఎంపిక ఏటేటా కుదించుకుపోతోంది. తైయో యూడెన్ 2015 చివర్లో ఈ వ్యాపారం వదిలేసింది, సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డబుల్ బ్లూ-రేల తయారీ ఆపేసింది. అలాగని భయపడి ఒకేసారి పెద్ద స్పిండిల్ (డిస్కుల్ని దొంతరగా పేర్చిన డబ్బా) కొనొద్దు. ముందు చిన్న ప్యాక్ తీసుకుని ఒక డిస్కుని వెలుతురుకి అడ్డంగా పట్టి సూదిమొన చుక్కలు, అంచున మరకలు ఉన్నాయేమో చూడండి. కోడ్ రాసిపెట్టుకుని, వెరిఫై (రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూసేది) ఆన్‌లో ఉంచి బర్న్ చేసి, ఆ డిస్కుని ఇంకో డ్రైవ్‌లో మొత్తం చదివించండి. ఎక్కడా ఆగకుండా చదివితే అదే కోడ్ ఉన్నవి ఇంకొన్ని తెచ్చుకోండి. ముఖ్యమైనవాటికి రెండో కాపీని వేరే తయారీదారు డిస్కు మీద రాసి, వేరే చోట, చీకట్లో, పెట్టెలో నిలువుగా ఉంచండి.